ఎర్రగొంతు చేపకు తోడు

మా తమ్ముడి భార్యకు చేపల కొట్టుంది గానీ, ఆవిడ చేపలు అమ్మగా చూసినవాళ్ళు తక్కువ. తినే చేపలు కావు, అద్దాల తొట్లలో పెంచుకునేవి. గోడ పొడవునా తొట్లు, తొట్ల నిండా రంగురంగుల చేపలు, గుమ్మం మీద బోర్డు, అన్నీ ఉన్నాయి. కొనడానికి వచ్చినవాళ్ళను మాత్రం స్టూలు మీద కూర్చోబెట్టి ఆరా తీస్తుంది. మీ తొట్టి ఎంత పొడవు, అందులో ఇప్పుడు ఎవరెవరున్నారు, ఎవరు ఏ మూల పడుకుంటారు, మేత వేస్తే ముందు ఎవరొస్తారు. అన్నీ విన్నాక, "వద్దండీ, ఇది మీ ఇంట్లో ఇమడదు" అని సగం మందిని ఉత్తచేతులతో పంపేస్తుంది. ఇలాంటి వ్యాపారం నేను నా జన్మలో చూడలేదు.

నేనూ వ్యాపారం చేసినదాన్నే. నన్ను మిషనక్క అంటారు. వయసులో ఉన్నప్పటి నుంచీ బట్టలు కుట్టి బతికాను. పెళ్ళి జోలికి పోలేదు, ఒకరి కింద పని చేయలేదు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో మంచం, అదే నా రాజ్యం. ఆ భవనం పాతబడిందని యజమాని కూలగొట్టించాడు. వేరే గదుల కోసం కాళ్ళరిగేలా తిరిగాను. ఒంటరి ఆడమనిషి, పైగా ముసలిది, పైగా మిషను చప్పుడు అనేసరికి అందరి మొహాలూ మాడిపోయేవి. చివరికి తమ్ముడు వచ్చి, "అక్కా, మా ఇంటికి వచ్చెయ్. ఇంకెక్కడికి పోతావు?" అన్నాడు. ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా వచ్చాను.

తమ్ముడు ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా మనుషులను పైకీ కిందికీ తిప్పి, ఇంటికొచ్చి మౌనంగా కూర్చుంటాడు. పిల్లలు లేరు. ఇల్లు చిన్నది. వీధివైపు గదిలో కొట్టు, దాని వెనక హాలు, హాల్లో కిటికీ పక్కన మరదలి కుర్చీ, ఆ వెనక వంటిల్లు, పక్కన పడకగది. నాకు హాల్లో గోడ వారగా మంచం వేశారు. నా మిషను మీద దుప్పటి కప్పి, పెరట్లోకి వెళ్ళే దారిలో నిలబెట్టారు. ఎవరినీ తప్పు పట్టలేం, చోటు లేదు. కానీ దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా జారిన దుప్పటి అంచు సర్దేదాన్ని. ఈ ఇంట్లో నేను ఉండగలనా, లేక ఇక్కణ్ణుంచి కూడా పెట్టె సర్దుకోవాలా అన్నదే పొద్దస్తమానం నా ఆలోచన.

మరదలు నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకు మంటంతా అక్కడే. అంటే తిరిగి అనొచ్చు, రెండు నిమిషాల్లో కడుపు చల్లబడుతుంది. ఏమీ అననిదానితో ఏం పోట్లాడతాం? పైగా ఆవిడ వంటిల్లు చూస్తే నా చేతులు ఊరుకోవు. ఉప్పు డబ్బా కింది అరలో, పొయ్యికి ఆమడ దూరంలో ఉంటుంది. కూరలో ఉప్పు వేయాలంటే ప్రతిసారీ నడుం వంచాలి. ఆవిడ కొట్లో ఉండగా దాన్ని పొయ్యి పక్కకు మార్చాను. సాయంత్రానికి మళ్ళీ కింది అరలో ఉంది. మర్నాడు మళ్ళీ మార్చాను. అది మళ్ళీ కిందికి పోయింది. ఆవిడ ఏమీ అనదు, నేనూ ఏమీ అనను, డబ్బా మాత్రం తిరుగుతూనే ఉంది. ఒకరోజు ఇద్దరం ఉప్పు వేశామో, ఇద్దరం వేయలేదో, తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుని, మా ఇద్దరి మొహాలూ చూసి, నీళ్ళు తాగి లేచిపోయాడు.

ఇక వంటింట్లో నిలబడటం నా వల్ల కాక, పగలు కొట్లోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాను. పంపుల బుడబుడ, తడి వాసన, ఎప్పుడూ ఆరని నేల. చేపల మీద నాకేం మోజు లేదు. తోకాడించుకుంటూ అటూ ఇటూ తిరిగేవాటిని గుడ్లప్పగించి చూసేవాళ్ళంటే నాకు నవ్వొచ్చేది. కానీ ఊరికే కూర్చుంటే కళ్ళు ఎక్కడో అక్కడ ఆనాలి కదా. అవి పోయి మూల తొట్టి మీద ఆనాయి.

ఆ తొట్టి దాదాపు ఖాళీ. రాళ్ళు, పక్కకు పడుకోబెట్టిన ఒక మట్టికుండీ. ఆ కుండీ లోపల ఒక చేప ముక్కు. ఎంతసేపు చూసినా ముక్కు తప్ప ఇంకేమీ బయటికి రాదు.

"దానికేం జబ్బమ్మాయ్?" అని అడిగాను. ఇంటికొచ్చాక నేను ఆవిడతో పలికిన మొదటి మంచి మాట అదే అనుకుంటా.

"జబ్బేం లేదు వదినా. ఫైర్‌మౌత్ అంటారు దాన్ని. ఎర్రగొంతు. వేరేవాళ్ళ తొట్లో అందర్నీ తరుముతోందని తెచ్చి ఇచ్చేశారు. ఇప్పుడు ఒంటరిగా ఉండి భయపడుతోంది."

"అందర్నీ తరిమినదానికి భయమేంటి?"

 మరదలు ఒక చిన్న అద్దం తెచ్చి తొట్టికి ఎదురుగా పట్టుకుంది. కుండీలోంచి చేప దూసుకొచ్చింది. నేను స్టూలు మీద వెనక్కి జరిగాను. దాని గొంతు కింద సంచిలా ఉబ్బి, నిప్పురంగులో మెరిసింది. మొప్పల మూతలు రెండు వైపులా విచ్చుకున్నాయి. వాటి మీద నల్లటి మచ్చలు, ఎదురుగా చూస్తే అచ్చం కళ్ళే. అరచేతిలో ఇమిడే చేప, దూరదూరంగా రెండు కళ్ళున్న పెద్ద తలకాయలా కనబడింది. మరదలు అద్దం తీసేసింది. చేప ఉబ్బు దిగి, మళ్ళీ కుండీలోకి జారుకుంది.

"ఎక్కువభాగం బెదిరింపే. కరవడం తక్కువ" అంది.

నేను ఆ రోజంతా ఆ కుండీనే చూస్తూ కూర్చున్నాను. మర్నాడు టీ గ్లాసు కూడా అక్కడికే తెచ్చుకున్నాను.

ఆవిడ గురించి కొంచెం చెప్పాలి. వాళ్ళ నాన్న గాజు పలకలు కోసేవాడు. ఈవిడా చిన్నప్పటి నుంచీ ఆ పనిలోనే పెరిగింది. బొటనవేలి మీద కోతల గీతలు ఇప్పటికీ ఉన్నాయి. వీధిలో పాతవాళ్ళు ఈనాటికీ అద్దాలమ్మాయి అనే పిలుస్తారు. మొదట్లో తొట్లు అతికించి అమ్మేదట, చేపల సంగతి తెలియదు. ఒకాయన తొట్టి కారుతోందని గొడవ పెట్టుకుని వాపసు తెచ్చాడు. ఈవిడ దాంట్లో నీళ్ళు నింపి, ఆయన చేపలనే తెప్పించి వదిలి, ముందు పెట్టుకుని చూసింది. ఎక్కడా చుక్క కారలేదు. సాయంత్రం దాకా కదలకుండా చూస్తే, ఒక చేప ఇంకోదాన్ని తరుముతుంటే, పారిపోయేది ఎగిరెగిరి పడి నీళ్ళు బయటికి చిందుతున్నాయి. "నా అతుకు బాగానే ఉంది, లోపలే ఏదో తేడా ఉంది. ఏంటా తేడా అని పట్టుకున్నాను వదినా, ఇక వదల్లేదు" అని చెప్పింది. అంత పొడుగు మాట ఆవిడ నోట వినడం నాకు అదే మొదలు.

నాకు మాత్రం ఆ ఎర్రగొంతు మీద జాలి పుట్టింది. తోడు దొరికితే కుండీ వదిలి బయటికొస్తుందేమో. కొట్టంతా కలియతిరిగి చూశాను. నాది కుట్టేవాళ్ళ కన్ను. గుడ్డకు అంచు ఎంచినట్టే, ఎరుపుకు నప్పే ఎరుపు కోసం వెతికాను. పక్క వరసలో ఒళ్ళంతా ఎరుపు, దాని మీద నీలం చుక్కలున్న చేప కనబడింది. జ్యుయెల్ అంటారట. సైజు కూడా సరిపోయింది.

"ఇదిగో, దీన్ని జత చెయ్యి. ఇద్దరూ ఒక తానులో ముక్కల్లా ఉన్నారు" అన్నాను.

మరదలు ముసిముసిగా నవ్వింది. వద్దనలేదు. ఒక గాజు పలక తెచ్చి, మూల తొట్టి మధ్యలో నిలువుగా దింపి, అవతలి వైపు ఆ జ్యుయెల్‌ను వదిలింది. అంతే, రెండూ ఒంటికాలి మీద లేచాయి. లేవడానికి కాళ్ళెక్కడివి అనకండి, వాటిని చూసినవాళ్ళకు తెలుస్తుంది. పలకకు అటు ఒకటి, ఇటు ఒకటి ముక్కులు పెట్టి ఒకటే కుమ్ముడు. మధ్యలో గాజు లేకపోతే ఏదో ఒకదాని తోక మిగిలేది కాదు.

"ఇదెక్కడి చోద్యం? ఒకే రంగువాళ్ళు కదా."

"అందుకే వదినా. తనలా ఉన్నవాడైతే తన కుండీ కోసమే వచ్చాడనుకుంటాడు. వేరేగా ఉన్నవాణ్ణి పట్టించుకోడు."

నలభై ఏళ్ళు రంగులు జతచేసినదాన్ని, చేప దగ్గర బోర్లాపడ్డాను. కోపం రావాల్సింది, రాలేదు. ఇంకేం తెలుసుకోవచ్చా అనిపించింది. ఆ రోజు నుంచి మరదలిని చెవిలో జోరీగలా పట్టుకున్నాను. ఆ చిన్న గప్పీలు వేస్తే? వీడు మింగినా మింగుతాడు, లేకపోతే అవే భయంతో చస్తాయి. పొడుగు రెక్కల ఏంజెల్? అది తాపీగా తిరుగుతుంది, ఆ రెక్కలు పీకకుండా వీడు ఉండలేడు. అయితే వీడికన్నా మొనగాణ్ణి, ఆ పెద్ద ఆస్కార్ చేపను వేసి బుద్ధి చెప్పిస్తే?

"ఆస్కార్ వీడి బెదిరింపు ఒకటి రెండుసార్లు చూస్తుంది. ఉత్తదేనని తెలిశాక చితకబాదుతుంది. వీడి దగ్గర బెదిరింపు తప్ప ఇంకేం లేదు వదినా. అది నమ్మేవాళ్ళు కావాలి. నమ్మి కొంచెం తప్పుకోవాలి, అంతేగానీ భయంతో చచ్చేవాళ్ళు కాకూడదు."

నేను చాలాసేపు ఆలోచించాను. వీడు కిందే ఉంటాడు, రాళ్ళ మధ్య. కాబట్టి కిందికి రానివాళ్ళు కావాలి. చురుకైనవాళ్ళు కావాలి, తరిమితే అందకూడదు. ఒకరిద్దరైతే వాళ్ళ మీదే పడతాడు, గుంపు కావాలి. పై వరస తొట్లో వెండిరంగు చేపలు, పక్కన పసుపు నీలం గీతలు, కాలుగాలిన పిల్లుల్లా ఒక్క క్షణం ఆగకుండా తిరుగుతున్నాయి.

"అవెవరు?"

"పెద్ద డానియోలు" అంది మరదలు. ఆవిడ నా మొహంలోకి చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. పరీక్ష పాసయినట్టు అనిపించింది, ఈ వయసులో.

వాటిని దింపే రోజు నన్ను పిలిచింది. ముందు ఎర్రగొంతుకు కడుపునిండా మేత వేసింది. తర్వాత తొట్టి పైనున్న లైటు తీసేసి, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి, రాళ్ళన్నీ తీసి వేరే చోట పేర్చింది. కుండీని కుడి మూల నుంచి ఎడమకు మార్చి, మూతి ఇంకో వైపు తిప్పింది. ఎర్రగొంతు దిక్కు తెలియక గోడ వెంట తిరుగుతోంది.

"కొత్తగా వస్తున్నది అవి కదా. వీడి కొంపెందుకు పీకుతున్నావు?"

"రాళ్ళు అలాగే ఉంటే ఇదంతా వీడిదే. కొత్తవాళ్ళు ఎంత మంచిగా ఉన్నా చొరబడినట్టే. రాళ్ళు మారితే అందరూ కొత్తే. చోటు వెతుక్కునే పనిలో పోట్లాట మర్చిపోతారు."

"వీడికి కోపం రాదా?"

"వస్తుంది. కోపపడటానికి కూడా ముందు ఇల్లెక్కడుందో తెలియాలిగా."

డానియోలు దిగాయి. దిగినవి దిగినట్టే పైన పరుగులు. ఎర్రగొంతు ఒకసారి గొంతు ఉబ్బించి పైకి లేచాడు. అవి చెదిరి, మళ్ళీ కలిసి, తమ దారిన తాము పోయాయి. వాడు ఇంకోసారి ఉబ్బించాడు. తర్వాత కిందికి పోయి రాళ్ళను వాసన చూసుకుంటూ తిరిగాడు. కొన్నాళ్ళకు నేను టీ గ్లాసుతో వచ్చేసరికి వాడు తొట్టి మధ్యలో, నలుగురూ చూసేలా తిరుగుతున్నాడు. పైన అవి నిశ్చింతగా తిరుగుతుంటే, ఏ ప్రమాదమూ లేదని కిందివాడికి తెలుస్తుందట. నాకు సంతోషం పట్టలేక, "ఏమే, వచ్చాడే బయటికి" అని వంటింట్లోకి పరిగెత్తాను.

పరిగెత్తినదాన్ని ఊరుకుని ఉంటే సరిపోయేది. పొయ్యి మీద కూర ఉంది, ఉప్పు చూశాను, తక్కువైంది. అలవాటుగా కింది అరలోంచి డబ్బా తీసి, వేసి, పొయ్యి పక్కన పెట్టాను. మరదలు గరిటె కింద పెట్టింది.

"వదినా, ఇది నా వంటిల్లు."

గొంతు పెంచలేదు. ఇన్నాళ్ళకు ఒక మాట అంది, ఆ మాట అంది. నేను కూడా ఆగలేదు.

"అవును, వంటిల్లు నీది. హాల్లో కుర్చీ నీది. కొట్టు నీది. అయితే నాదేది?"

 దానికి జవాబు నా దగ్గరే ఉంది, గదుల కోసం తిరిగినప్పుడు ఎవరో ఇచ్చిన, పెద్దవయసు ఆడవాళ్ళుండే హాస్టల్ ఫోన్ నంబరు. ఆ పూటే ఫోన్ చేశాను. ఒక గది ఖాళీ ఉంది, వచ్చి చూసుకోమన్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. వెళ్తూ వెళ్తూ, ఎక్కడికో కూడా మరదలికి మొహం మీదే చెప్పాను. దాపరికం నాకు చేతకాదు. ఆవిడ తొట్టి అద్దం తుడుస్తూ ఉండిపోయింది. హాస్టల్ బాగానే ఉంది. శుభ్రమైన మంచం, గోడకు బట్టలు తగిలించుకునే కొక్కెం, కిటికీ. మిషను తెచ్చుకోవచ్చా అని అడిగితే వార్డెన్, "చప్పుడు కదండీ, మిగతావాళ్ళకు ఇబ్బంది" అంది. మంచి మనిషే, మెత్తగానే చెప్పింది. "గది కావాలో వద్దో సాయంత్రంలోగా చెప్పండి, ఇంకొకరు అడుగుతున్నారు" అంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ ఎర్రగొంతును ఇక చూడను కదా అనుకున్నాను. మనుషులు గుర్తురాకుండా చేప గుర్తురావడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి కొట్టు షట్టరు సగానికి దించి ఉంది. పగటిపూట ఆవిడ అలా దించగా నేను చూడలేదు.  వంగి లోపలికి వెళ్ళాను. కొట్టు దాటి హాల్లో అడుగు పెడితే, అది నేను పొద్దున్న వదిలి వెళ్ళిన హాలు కాదు. నా మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు పోయింది. మంచానికి అడ్డుగా పడకగదిలోని బట్టల బీరువా వచ్చి నిలబడి, వెనక ఒక చిన్న గదిలాంటిది తయారైంది. ఆవిడ కుర్చీ ఉండాల్సిన కిటికీ పక్కన నా మిషను ఉంది. దుప్పటి తీసేసి, తుడిచి, చక్రానికి నూనె కూడా వేసినట్టుంది. వెలుతురు సరిగ్గా సూది మీద పడుతోంది.

వంటింట్లో మరదలు నేల మీద కూర్చుని ఉంది. అరలన్నీ ఖాళీ. డబ్బాలు, గిన్నెలు, గరిటెలు, గ్లాసులు అన్నీ నేల మీద. ఆవిడ జుట్టు నిండా దుమ్ము.

"ఏంటిదంతా?"

"సర్దుతున్నాను వదినా. మొత్తం తీసేశాను. ఏది ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు."

నాకు అర్థమైంది. అర్థమైన కొద్దీ ఒళ్ళు మండింది.

"అంటే నన్ను ఆ ఎర్రగొంతుగాడి కింద లెక్కగట్టావన్నమాట. కొరివితో తల గోక్కున్నట్టుందా నాతో?"

"మీరు కాదు వదినా. మీరు డానియోలు."

"నేను డానియోనా?"

"పొద్దున లేచింది మొదలు ఒక్కచోట నిలవరు కదా" అంది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. చేతిలో ఖాళీ గ్లాసు తిప్పుతూ, "ఎర్రగొంతు నేను" అంది. "ఇన్నేళ్ళు ఈ అరలు, ఆ కుర్చీ, ఇదే నా కుండీ. ఆయన మాట్లాడరు, నేను మాట్లాడను. తలుపు చప్పుడు కూడా లేకుండా బతికాం. మీరొచ్చాక పగలు ఎవరో ఒకరు మాట్లాడటం వినబడుతోంది. కొట్లో మీరు అడుగుతుంటే నాకు ఎన్ని మాటలు వచ్చో నాకే తెలిసింది. అయినా ఒక్క ఉప్పు డబ్బా దగ్గర అంత మాట అన్నాను. వెళ్ళిపోకండి వదినా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, అక్కడే డబ్బాల మధ్య కూలబడి ఏడ్చాను. నా కోసం రాళ్ళు కదిపినవాళ్ళు నా జీవితంలో ఎవరూ లేరు. నా చోటు పీకినవాళ్ళున్నారు, నన్ను సర్దుకోమన్నవాళ్ళున్నారు. తన చోటు తనే పీకేసుకుని, నేల మీద కూర్చున్న మనిషిని నేను ఇప్పుడే చూశాను.

అంతలో తమ్ముడు డ్యూటీ దిగి వచ్చాడు. హాల్లో ధడేల్మని చప్పుడైంది. బీరువాకు మోకాలు కొట్టుకున్నాడు. కుంటుకుంటూ వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, మమ్మల్నిద్దరినీ, నేల మీది సంతనూ చూశాడు.

"ఏమైంది?"

"ఇల్లు మారాం" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "కూర్చో. కూర్చోవడానికి చోటుందేమో చూసుకో."

వాడు ఒక గిన్నె జరిపి, నిజంగానే మా పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్ళకో, "టీ ఎవరైనా పెడతారా?" అని నోరు తెరిచి అడిగాడు కూడా.

అప్పుడే ఫోన్ మోగింది. వార్డెన్. "గది ఉంచమంటారా, వాళ్ళకు ఇచ్చేయమంటారా?" అని అడిగింది. మరదలి చేతులు డబ్బాల మీద ఆగిపోయాయి.

"ఇచ్చేయండమ్మా" అన్నాను. "ఇక్కడ ఉప్పు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు."

ఫోన్ పెట్టేశాక ఉప్పు డబ్బా తీసుకుని కింది అరలో పెట్టబోయాను. మరదలు చెయ్యి అడ్డం పెట్టింది. పొయ్యి పక్కనే బాగుంటుందట, నడుం వంచక్కర్లేదట. నీ అలవాటు ప్రకారం కిందే ఉండాలని నేను, మీరు చెప్పిందే సరైనదని ఆవిడ. తమ్ముడు టీ సంగతి మళ్ళీ గుర్తుచేశాడు, మేమిద్దరం వినిపించుకోలేదు. డబ్బా ఇద్దరి చేతుల్లోనూ ఉంది. ఈసారి నోరు తెరిచి పోట్లాడుకుంటున్నాం.